కల్లెప్పుడు సార్?

పదిరోజులైంది. పొద్దున ఐదున్నరకు పాలబ్బాయి మొదలుపెడతాడు. "సార్, కల్లెప్పుడు దించతాండారు?" ఆరింటికి వాకింగ్ నుంచి తిరిగొచ్చే బ్యాంకు మేనేజరు గారు మర్యాదస్థుడు కాబట్టి నోటితో అడగడు, ముంత ఎత్తినట్టు చెయ్యి చూపించి నవ్వి వెళ్ళిపోతాడు. ఏడున్నరకు స్కూలు ఆటో. అందులో పద్నాలుగు మంది పిల్లలు. పద్నాలుగు మందికీ తెలుసు. ఎలా తెలిసిందని నేను ఎవరినీ అడగలేదు. మా అమ్మ వీధరుగు మీద కూర్చుంటుంది, ఇక వేరే పేపరెందుకు?

కొండకింద ఊరు. గోవిందనామాలతో తెల్లవారే ఊరు. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి గేటు ముందు కల్లుమాను! ఈతచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత కట్టిన మహానుభావుడికి కూడా ఇలాగే ఒక గేటూ, ఆ గేటు దగ్గర పాలప్యాకెట్టు పడేసి పోయే ఒక కుర్రాడూ ఉండి ఉంటారు.

ఆ చెట్టు పేరు ఫీనిక్స్ కెనరియెన్సిస్. అంటే, పదిరోజుల కిందటి వరకు అదే. కెనరీ దీవుల ఖర్జూరం. ఆఫ్రికా పక్కన అట్లాంటిక్ సముద్రంలో స్పెయిన్ వాళ్ళ దీవుల్లో పుట్టి, ప్రపంచంలోని పెద్ద పెద్ద హోటళ్ళ ముందర నిలబడే చెట్టు. నాలుగేళ్ళ కిందట ఓ నర్సరీలో 1,800 రూపాయలు పెట్టి కొన్నాను. ఏ నర్సరీ అని అడక్కండి, వాళ్ళకీ అమ్మలుంటారు. మెడలో ప్లాస్టిక్ చీటీ కూడా ఉంది. నేను ఆ చీటీతో తృప్తిపడక, రేకు ముక్క మీద పెయింటుతో శాస్త్రీయ నామం రాయించి గేటుకు కట్టాను.

పామ్ చెట్ల పిచ్చి నాకు రిటైరయ్యాక పట్టింది. మొదట్లో "ఏం చేస్తాండారు సార్ ఇప్పుడు?" అని ఎవరడిగినా గర్వంగా "పామ్‌లు పెంచుతున్నా" అనేవాణ్ణి. మూడోనాడు పనిమనిషి మానేసింది. సారు మేడమీద పాములు పెంచతాండాడని వీధంతా పాకింది. బుట్టలతో సహా ఇద్దరు వచ్చి, ఒకటి చూపిస్తే చాలు, పట్టుకుపోతామన్నారు. అప్పట్నుంచి "తాటి జాతి చెట్లు" అంటున్నాను. దానికి జవాబు ఒకటే: "కాస్తాయా?"

కాస్తాయా! బాటిల్ పామ్‌ని చూపించి, ఇది మారిషస్ పక్కన ఒక చిన్న దీవిలో పుట్టింది, ఒక దశలో అక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి అని చెప్తాను. అంతా విని, మొదట్లో లావుగా ఉన్న దాని మానును తట్టి, "కాస్తుందా సార్?" అంటారు. ఫాక్స్‌టెయిల్ పామ్‌ని చూపించి, ఇది ఆస్ట్రేలియాది, దీనికి శాస్త్రజ్ఞులు పేరు పెట్టిందే 1983లో, మన ఇందిరమ్మ ప్రధానిగా ఉన్నప్పుడు అంటాను. "అయితే కాయల్లో నూనె ఉంటుందా?" ఈ కుటుంబంలో సుమారు 2,600 జాతులుంటే జనానికి మూడే తెలుసు. కొబ్బరి, తాడు, పామాయిలు.

నిజానికి వీటిని గుర్తుపట్టడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. ఆకు విసనకర్రలా ఉందా, ఈకలా ఉందా? విసనకర్ర అయితే తాడు, శ్రీతాళం దారి. ఈక అయితే ఒక్క రెబ్బ పట్టుకుని అది మట్టకు అంటిన చోట చూడాలి. కొబ్బరి రెబ్బ ఇంటికప్పులా కిందికి వాలి ఉంటుంది. ఈత, ఖర్జూరాల రెబ్బ దోనెలా పైకి మడిచి ఉంటుంది. వాన వెలిశాక చూడండి, కొబ్బరి మీద నీళ్ళు జారిపోతాయి, ఈతరెబ్బ మొదట్లో ఒక చుక్క నిలుస్తుంది. ఆ చుక్క కోసం నేను తుపాను వానల్లో గొడుగేసుకుని మేడమీద కూర్చున్న సందర్భాలున్నాయి. మా ఆవిడ దాన్ని సందర్భాలు అనదు.

ఈ విద్య వచ్చాక మనిషికి సుఖం ఉండదు. పెళ్ళికెళ్తే ముందు పెళ్ళికూతుర్ని చూడం, స్టేజీ పక్కన కుండీని చూస్తాం. ఇక్కడ ఆ కుండీ సంగతి కొంచెం చెప్పాలి.

తిరుపతి కల్యాణమండపాల్లో పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళి జరగొచ్చేమో గానీ ఏరికా పామ్ కుండీ లేకుండా జరగదు. డెకరేషన్ వాళ్ళు అద్దెకు తెస్తారు. పోయిన మాఘమాసంలో ఒక నిశ్చితార్థానికి చిత్తూరు వెళ్ళాను. స్టేజీకి ఎడమపక్క కుండీలో ఒక ఏరికా, మూడో మట్ట విరిగితే నీలం ప్లాస్టిక్ దారంతో కట్టు కట్టారు. పాపం అనుకున్నాను. పన్నెండు రోజుల తర్వాత తిరుపతిలో వేరేవాళ్ళ పెళ్ళి. కుడిపక్క కుండీ. నీలం దారం! నన్ను చూసి అది తల తిప్పుకున్నట్టనిపించింది. ఫాల్గుణంలో ఒక బట్టలకొట్టు ఓపెనింగుకు వెళ్తే రిబ్బను పక్కన మళ్ళీ అదే. ఈసారి కట్టు మీద ఇంకో కట్టు. ఇంతమందిలో మాకు ఇద్దరికే ఒకరికొకరు తెలుసు. లైట్ల వేడికి కొసలు మాడి, ఎవరో తాగిన కాఫీ కప్పు మొదట్లో గుచ్చి, పంతులుగారి సంచీ మెడలో వేసుకుని అది నిలబడిన తీరు చూస్తే, తొమ్మిదిమంది ఆడపిల్లల తండ్రి గుర్తొచ్చాడు. చైత్రంలో మా తోడల్లుడి ఇంట ఒక కర్మకాండకు వెళ్ళాను. షామియానా కింద ఫోటోకు దండ వేసి ఉంది. నాకు ఆ పక్కకు చూడ్డానికి భయమేసింది. చూశాను. ఉంది. ఆ నిశ్చితార్థం జంట ఈలోపల విడిపోయారు, కుండీ మాత్రం సంసారపక్షంగా తిరుగుతూనే ఉంది.

విషయమేమిటంటే, అది ఏరికా కాదు. పుట్టింది మడగాస్కర్‌లో, శాస్త్రం దాన్ని ఆ పేరుతో పిలవనే పిలవదు. అసలు సిసలు ఏరికా అంటే మన వక్క. అదీ పెళ్ళిలోనే ఉంటుంది, తాంబూలం పళ్ళెంలో, తమలపాకు మీద. దాన్ని ఎవరూ ఫోటో తీయరు. ఈ సంగతి నేను భోజనాల బంతిలో పక్కాయనకు వివరంగా చెప్తూంటే ఆయన పాయసం వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

ఇలాంటిదే నా ఇంకో ఉపన్యాసం ఉంది. దర్శనానికొచ్చి మా ఇంట్లో దిగే బంధువులందరికీ వినిపిస్తాను. మన శేషాచలం కొండల్లో పేరీత అని ఒకటి ఉంది. చూస్తే పొట్టి ఈత. కానీ ఈత కాదు, అసలు పామే కాదు. పువ్వే పుయ్యని సైకస్ వంశం, డైనోసార్ల నాటిది. 1883లో బెడ్డోమ్ అనే మద్రాసు అటవీ అధికారి పేరు దానికి పెట్టారు. ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. అడవి తగలబడితే మట్టలు కాలిపోతాయి గానీ మొద్దు బతికి మళ్ళీ చిగురిస్తుంది. ఇంత చెప్పి చివర్లో చూపుడువేలు ఎత్తి ముక్తాయించేవాణ్ణి: "కాబట్టి, ఈతలా ఉన్నవన్నీ ఈతలు కావు!" ఈ వాక్యం మా అమ్మ కూడా విన్నది. గుర్తుపెట్టుకుంది.

మా అమ్మకూ నా హాబీకీ పాత పగ. మూడేళ్ళ కిందట మా ఊరి నుంచి పండిన తాటికాయలు తెచ్చి, పన్నెండు టెంకలు పెరట్లో వరసగా నాటాను. తాడు పూత పూయడానికి పన్నెండు నుంచి ఇరవయ్యేళ్ళు పడుతుంది, అప్పటిదాకా అది పోతుతాడో పెంటితాడో కూడా తెలియదు. నా వయసు చూసుకుంటే అది కొంచెం దురాశే. అయినా నాటాను. తాటిటెంక మొలకెత్తే తీరు చిత్రం. మొలక పైకి రాదు, ముందు గొట్టంలా లోపలికి దిగి, మట్టి కింద దుంపలా ఊరుతుంది. పైన ఏమీ కనపడదు. నాలుగు నెలలు నీళ్ళు పోస్తూ ఎదురుచూశాను. సంక్రాంతికి అమ్మ వచ్చింది. అప్పటికే కంట్లో పొర, మనిషి మొహం ఆనేది కాదు. పండగ మర్నాడు నేను బజారు నుంచి వచ్చేసరికి వంటింట్లో ఆవిరి. "గేగులు ఎంత బాగా ఊరినాయిరా!" అంటోంది, పసుపేసి ఉడకబెట్టిన నా పన్నెండు తాళ్ళను పళ్ళెంలో పెట్టి. మా ఆవిడ అప్పటికే రెండు చెట్లు తినేసింది. నేను ఒకటి తిన్నాను. పీచు తక్కువ, బాగుంది.

ఈసారి అమ్మ కంటి ఆపరేషన్‌కు వచ్చింది. కట్టు విప్పాక నల్లద్దాలు పెట్టుకుని మొదటిసారి గేటు దాకా నడిచింది. నేను అక్కడ ఆదివారం కార్యక్రమంలో ఉన్నాను. అంటే తడిగుడ్డతో కెనరీ ఆకులు తుడుస్తున్నాను. కెనరీ ఖర్జూరం ఆకు నిగనిగలాడే ముదురాకుపచ్చ అని పుస్తకాల్లో ఉంటుంది. నాదేమో బూడిదరంగు. అది తిరుపతి దుమ్మని తీర్మానించుకుని, నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఒక్కో రెబ్బా తుడుస్తున్నాను.

"ఈతమాన్ని ఏందిరా గేటుకాడ పెట్టుకోనుండావు?" అనింది.

"ఈతలా ఉన్నవన్నీ..." అని వేలెత్తాను.

అమ్మ దగ్గరికొచ్చి, మట్ట మొదట్లో ఉన్న ముల్లు మీద బొటనవేలు ఆనించింది. "ఈ ముల్లు నాకు తెలీదా? నా కాల్లో రెండు ఇంకా ఉండాయి."

నేను ఊరుకోలేదు. 1926లో బ్లాటర్ అనే బొంబాయి ఫాదరీ ఇండియా, సిలోన్ పామ్‌ల మీద రాసిన పెద్ద పుస్తకం ఉంది, దాని జిరాక్సు తీశాను. టేపు పెట్టి రెబ్బలు కొలిచాను. ఈ ఫీనిక్స్ జాతులన్నీ ఒకదానితో ఒకటి సులభంగా కలిసిపోతాయి, కాబట్టి ఇది సంకరం అయ్యుండొచ్చు అని పాయింటు లాగాను. "కలిసిందో ఇడిపోయిందో, ఇది ఈతమాను" అని అమ్మ నల్లద్దాలు సర్దుకుని అరుగెక్కింది. మిగతా ప్రసారం అక్కడి నుంచి.

ఆఖరి ఆశగా ఫ్లోరిడాలో ఉన్న నా పాత స్టూడెంటుకు ఫోటోలు పంపాను. వాడికీ ఈ పిచ్చి ఉంది. "మాస్టారూ, అద్భుతం! ఇది సిల్వెస్ట్రిస్. ఇక్కడ దీన్ని సిల్వెస్టర్ పామ్ అంటారు, చాలా ఖరీదు, మాల్స్ ముందర పెడతారు" అని జవాబు. సిల్వెస్ట్రిస్ అంటే లాటిన్‌లో అడవిది అని అర్థం. అంటే అడవి ఈత. అంటే ఈత. అయినా ఖరీదన్న మాట పట్టుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తాను. అంతా విని, "అమెరికావోళ్ళు మాత్రం కల్లు తాగరా?" అనింది.

ఈ విషయంలో నాకు కోపం నర్సరీవాడి మీద కన్నా నా మీదే ఎక్కువ. మా ఊరి చెరువుకట్ట మీద ఈతమాన్ల కింద నుంచే పదేళ్ళు బడికి నడిచాను. వాటి మట్టలతో అల్లిన చాప మీద పడుకున్నాను, వాటి బరికెలతో అల్లిన గంపలో సద్ది మోశాను, గడ్డిలో మాగేసిన కాయలు జేబు నిండా తిని పళ్ళు గారపట్టించుకున్నాను. అదే మానుకు ప్లాస్టిక్ చీటీ తగిలించి 1,800 అంటే గుర్తుపట్టలేదు. ఆ ఏరికా కుండీకి నీలం దారం ఆనవాలుంది కాబట్టి గుర్తుంది. వీటికేం ఆనవాళ్ళుండేవో నేను చూడనే లేదు. ఇప్పుడు చూద్దామంటే లేవు. కట్ట వెడల్పు చేసినప్పుడు పోయాయి.

నిన్న సాయంత్రం అరుగు మీద అమ్మ పక్కన కూర్చున్నాను. ఈతరెబ్బ ఒకటి తెంచి దేనికో మడుస్తోంది. "కట్టమింద ఎన్ని మాన్లుండేవిరా?" అనడిగింది. మారిషస్ పక్క దీవి లెక్క చెప్పగలను. దీనికి నోరు పెగల్లేదు.

"పదిహేడు" అని తనే చెప్పి, వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. తూము పక్కనిది తూముమాను. వంగి ఉండేది గూనిమాను. రెండు ఒకే మొదట్లో లేచినవి అక్కాచెల్లెలు. కల్లు గీసే తాత చివరిసారి ఎక్కింది ఎర్రమాను. పిడుగు పడి మొవ్వు పోయింది మొండిమాను... పదహారు దాకా వచ్చి ఆగిపోయింది. పదిహేడోది ఎంతకీ గుర్తుకురాలేదు. పాలబ్బాయి సాయంత్రం బిల్లుకొచ్చి "కల్లెప్పుడవ్వా?" అంటే కూడా పలకలేదు.

రాత్రి అన్నాల దగ్గర, మజ్జిగ పోస్తూ పోస్తూ చెయ్యి ఆపింది.

"కొంగమాను" అనింది.