మే నెలలో మంచు లైట్లు

కళ్లు పోగొట్టే లైట్ల బండ్లను పోలీసులు ఆపుతారట. బల్బులు పీకించి, చలానా రాసి, పక్కన నిలబడి ఫొటో దిగుతారట. అప్పుడప్పుడూ వచ్చే పండగే కాబట్టి నేనూ సంతోషించాను. పండగ వెళ్లిన మర్నాడు పీకిన బల్బులు మళ్లీ ఎక్కడం కూడా ఆచారంలో భాగమే.

అయినా కారు కొన్నవాడి బాధ మనకేం తెలుసు? పదిహేను లక్షలు పోసి కొన్న బండి పగలంతా ట్రాఫిక్‌లో ఆటో పక్కన ఆటోలాగే నిలబడుతుంది. దాని దర్జా ఎదుటివాడికి తెలిసేది చీకటి పడ్డాకే. అందుకే షోరూముకు వెళ్లినవాడు ఇంజను సంగతి తర్వాత అడుగుతున్నాడు. ముందు తాళం నొక్కితే లైట్లు ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తి స్వాగతం చెబుతాయా లేదా తేలాలి. ఇంట్లో పిల్లలు తలెత్తి చూడకపోయినా కారైనా మర్యాద చేస్తోంది. మంచిదే.

ఆ లైట్లూ చాలనివాళ్ల కోసం యాక్సెసరీస్ దుకాణం అన్న ఉన్నాడు. ఈయన దగ్గర వెలుతురుకు ఒకటే పరీక్ష: ఎదురుగా ఉన్న గోడ. పాత బల్బు వేసి గోడ చూపిస్తాడు. కొత్త ఎల్‌ఈడీ వేసి మళ్లీ గోడ చూపిస్తాడు. ‘‘ఎట్లుంది సార్? పగలే కదా!’’ సార్ మురిసిపోయి ఫోన్‌పే కొట్టేస్తాడు. గోడ మీదికి బండి తోలేది ఎవరని ఇద్దరిలో ఒక్కరూ అడగరు. గోడకు కళ్లు లేవు కాబట్టి అటువైపు నుంచి ఫిర్యాదు రాదు.

కంపెనీ ఇచ్చిన హాలోజన్ బల్బులో సన్నటి తీగ ఉంటుంది. ఆ తీగ ఎక్కడుందో చూసుకునే వెనకాల అద్దంలా మెరిసే గిన్నెకు వంపులు పెడతారు. డిమ్‌లో 55 వాట్లు, ఫుల్‌లో 60 వాట్లు. ఆ కాస్త వెలుతురూ రోడ్డు మీద పడాల్సిన చోట పడుతుంది. అదే గిన్నెలో ఎల్‌ఈడీ ముక్క దూరిస్తే లెక్కంతా తప్పుతుంది. వెలుతురు వేపచెట్టు కొమ్మల మీద పడుతుంది, రెండో అంతస్తు బాల్కనీలో పడుతుంది, మిగిలింది నా కళ్లల్లో పడుతుంది. డబ్బా మీద వాట్లు ఎన్నయినా అచ్చేసుకోవచ్చు, దానికి కరెంటు బిల్లు రాదు.

నెల తిరక్కుండానే సార్ మళ్లీ వస్తాడు. వానలో రోడ్డు కనబడటం లేదట. అన్న దగ్గర దానికీ మందుంది: ఫాగ్ లైట్లు. ఇప్పుడు మే నెలలో, అర్ధరాత్రి కూడా సెగ చల్లారని బెజవాడలో, మంచును చీల్చుకుంటూ పోతున్నాడు మన సార్. అదీ చాలకపోతే బంపరు మీద లైట్ల బారు వెయ్యొచ్చు. బారు వేశాక మళ్లీ గోడ.

స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అని చిన్న చక్రం ఉంటుందనీ, డిక్కీ నిండా బస్తాలు వేసినప్పుడు లైట్లు కిందికి దించడానికే అది ఉందనీ మాత్రం సార్‌కు ఎవరూ చెప్పరు.

హైవే నయం. డివైడరులో గన్నేరు మొక్కలుంటాయి. నా కళ్ల గురించి ఆలోచిస్తున్నది ఆ చెట్టొక్కటే. ఊళ్ల మధ్య రెండు వరసల రోడ్డు మీద ఆ దిక్కూ లేదు. నేను డిప్పర్ కొడతాను. ఎదురొచ్చేవాడు కొట్టడు. మళ్లీ కొడతాను. కోపమొచ్చి ఉన్న లైట్లన్నీ వేస్తాడు. ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని వెనకాల రాసుకున్న లారీ డ్రైవరు పాటిస్తున్నాడు. అది చదవగలిగిన ఈ పెద్దమనిషికే చేతకాదు.

వాడు దాటిపోయాక కొన్ని క్షణాలు నాకేమీ కనబడదు. ఆ క్షణాల్లోనే రోడ్డు మీద ఆరబోసిన వడ్లుంటాయి, చుట్టూ పెట్టిన రాళ్లుంటాయి. వెనక ఎర్రబిళ్ల కూడా లేని ట్రాక్టరు ట్రక్కు ఉంటుంది. పొలం నుంచి ఇంటికి నడిచివస్తున్న మనిషి ఉంటాడు. ఆయన్ను గుద్దేది నా బండి. కేసు నా మీద. నన్ను గుడ్డివాణ్ణి చేసినవాడు అప్పటికే పక్క ఊరు దాటేసి పాటలు వింటుంటాడు. ఇది దర్జా కాదు, నేరం. చేసినవాడి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఎన్నడూ ఉండదు, అంతే తేడా.

చట్టం లేక కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చదవండి. లైటుకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కన, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కన్ను చెదరకూడదు. కన్ను ఎక్కడుంటుందో టేపు పెట్టి మరీ రాశారు. ఆ కన్ను నాదే సార్. ఇన్నేళ్లుగా అక్కడే పెట్టుకుని కూర్చున్నాను. 2019లో సవరించిన చట్టం ప్రకారం బండికి అనుమతి లేని మార్పు చేయిస్తే ఒక్కోదానికి 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నన్ను లెక్క కట్టమంటే హెడ్‌లైట్లు రెండు, ఫాగ్ లైట్లు రెండు, బారు ఒకటి, వెరసి 25,000.

పోలీసు బాబులూ, దీనికి అర్ధరాత్రి హైవే మీద కాపు కాయక్కర్లేదు. సాయంత్రం ఏడింటికి రసీదు పుస్తకం పట్టుకుని ఆ దుకాణం గోడ దగ్గర నిలబడండి. వాళ్లే వరసగా వస్తారు.