వేలికొసల మీద బతికినదాన్ని

నేను క్యారంబోర్డును. పుట్టింది బెంగళూరులో, పెరిగింది హోసూరులో, ఎండాకాలం సెలవులు గడిపింది కృష్ణగిరిలో. ఒకే ఇంటి మూడు తరాల వేళ్లు నా మీద ఆడాయి. మనుషులు ఒకరినొకరు మొహం చూసి గుర్తుపడతారు. నేను స్ట్రైకర్ వచ్చి తగిలే తీరును బట్టి గుర్తుపడతాను. తాతది మెత్తటి దెబ్బ. చూపుడువేలి గోరుతో తాకించి వదిలేస్తాడు, కాయిన్ తనంతట తానే పాకెట్ అంచుకు నడిచి వెళ్లి పడుతుంది. నాయనది విసురు దెబ్బ. రెండు ఫ్రేములకు తగిలి తిరిగొచ్చినా స్ట్రైకర్‌లో ఇంకా పరుగు మిగిలే ఉంటుంది. పాపది బొటనవేలు. అవ్వ దెబ్బ వేరు, దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదట నా ఒళ్లు. ఆట సాగే పలక నాలుగు పక్కలా 74 సెంటీమీటర్లు. ప్లైవుడ్ మందం కనీసం 8 మిల్లీమీటర్లు ఉండాలి. చుట్టూ గట్టి కర్ర ఫ్రేము, మూలల్లో నాలుగు పాకెట్లు, వాటి కింద నూలు వలలు. పాకెట్ వెడల్పు 4.45 సెంటీమీటర్లు. స్ట్రైకర్ 4.13 సెంటీమీటర్లకు, 15 గ్రాములకు మించకూడదు. కాయిన్ బరువు 5 నుంచి 5.5 గ్రాములు. 1988లో చెన్నైలో ఏర్పడిన అంతర్జాతీయ క్యారం సమాఖ్య నియమాల్లో ఉన్న కొలతలివి.

ఆట కిటుకంతా ఈ కొలతల్లోనే ఉంది. స్ట్రైకర్ బరువు కాయిన్‌కు దాదాపు మూడింతలు. అందుకే కాయిన్‌ను నేరుగా కొడితే స్ట్రైకర్ అక్కడే ఆగదు, దాని వెంటే తానూ పోతుంది. పాకెట్ చూస్తే స్ట్రైకర్ కంటే మూడు మిల్లీమీటర్లే పెద్దది. బలంకొద్దీ బాదినవాడి కాయిన్ పడుతుంది, వెనకాలే స్ట్రైకరూ పడుతుంది, ఫైన్ కట్టాలి. కాయిన్‌ను ఏ పక్కన తాకాలో, తాకాక స్ట్రైకర్ ఎటు పోవాలో, ఎంత దూరంలో ఆగాలో ముందే లెక్క వేసుకున్నవాడి వేలికే నేను లొంగుతాను. కండలున్న పాతికేళ్లవాడికి నా దగ్గర దొరికే అదనపు లాభమేదీ లేదు. ఎనిమిదేళ్ల పిల్లకు తక్కువయ్యేదీ లేదు. మా ఇంట్లో నేను ఇన్నేళ్లు నిలవడానికి అసలు కారణం అదే.

తాతది బాగలూరు పక్క పల్లె. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చి, లేలాండ్, టీవీఎస్ ఫ్యాక్టరీలు మొదలయ్యాక బాగలూరు, బేరికె, తళి, డెంకణికోట పల్లెల నుంచి ఎంతోమంది రాగి చేలు దాటి షిఫ్టు పనికి వచ్చారు. అట్లా వచ్చినవాళ్లలో తాత ఒకడు. ఒక దీపావళి బోనసు డబ్బుతో చిక్కపేటకు పోయి నన్ను కొన్నాడు. గోనె సంచిలో చుట్టి, బస్సులో డ్రైవరు వెనక సీటుకు ఆనించి, లగేజీ టికెట్టు తీసుకుని, అత్తిబెలె దాటించి తమిళనాడులోకి తెచ్చాడు. ఇల్లు చేరగానే స్టూలు మీద పెట్టి, నడిమధ్యన ఒక గోళీ ఉంచాడు. అది తూర్పుగా దొర్లింది. అట్టముక్క మడిచి స్టూలు కాలి కింద దోపాడు. గోళీ కదలకుండా నిలిచాకే కాయిన్లు పేర్చాడు. తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, మధ్యలో రెడ్.

అప్పుడు నాయన బడిపిల్లవాడు. వీధిలో తెలుగు ఇళ్లు, తమిళ ఇళ్లు, కన్నడ ఇళ్లు, ఉర్దూ మాట్లాడే ఇళ్లు కలిసి ఉండేవి. సాయంత్రమైతే అన్ని ఇళ్ల పిల్లలూ నా చుట్టూ చేరేవాళ్లు. ఎవరి భాషలో వాళ్లు పోట్లాడుకునేవాళ్లు, రెడ్ వెంటే వేయాల్సిన ఫాలో కాయిన్ పడిందా లేదా అన్న తగువు మాత్రం అందరికీ ఒకేసారి అర్థమయ్యేది.

పాప పుట్టి, నా ఎత్తుకు ఎదిగినప్పటి నుంచి నా బతుకులో మంచి రోజులు. స్టూలు మీద ఉంటే ఫ్రేము ఆమె ముక్కు దాకా వచ్చేది, అవతలి పాకెట్ కనబడేది కాదు. తాత నన్ను చాప మీదికి దించాడు. కొన్నాళ్లకు తాత మోకాళ్లు నేల మీద కూర్చోనివ్వలేదు. నన్ను మళ్లీ స్టూలెక్కించి, పాప కుర్చీలో రెండు పీటలు వేశారు. పోటీల్లో అయితే ఆటగాడు కుర్చీలోంచి లేవకూడదు, రెండో చెయ్యి నాకు తగలకూడదు. ఇంట్లో పాప నిలబడి కొట్టవచ్చు, తాత కూర్చునే కొట్టాలి. తెలుపు నలుపు తేడా లేకుండా ఎవరు ఏ కాయిన్ అయినా వేసుకునే పాయింట్ల ఆటతో మొదలుపెట్టారు. నలుపుకు 10, తెలుపుకు 20, రెడ్‌కు 50. వేలు ఇంకా కుదరని పిల్లకు కూడా ఆట ముగిసేసరికి చేతిలో ఏవో నాలుగు కాయిన్లు ఉండేవి.

తాత ఎన్నడూ కావాలని ఓడిపోలేదు. ఈ సంగతి నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. పెద్దవాళ్లు జాలిపడి తప్పు దెబ్బ కొడితే పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది, వాళ్లకు ఆట మీద గౌరవం పోతుంది. తాత దారి వేరు. ఆట మొదలుకాక ముందే తన మీద తాను షరతు వేసుకునేవాడు. ఒకరోజు ఎడమచేత్తో ఆడతాననేవాడు. ఇంకోరోజు ఎదుటి ఫ్రేముకు తగిలి తిరిగొచ్చిన రీబౌండుకే తన పాయింట్లు అనేవాడు. ఆ షరతు మీద మాత్రం ప్రాణం పెట్టి ఆడేవాడు. “చెయ్యి బిగబట్టొద్దు పాపా, వేలు వదులు, చూపు కాయిన్ మీద పెట్టు, స్ట్రైకర్ మీద కాదు” అనేవాడు. పాప పెరిగేకొద్దీ షరతులు ఒక్కొక్కటే తీసేశాడు. చివరికి ఏ షరతూ లేని బోర్డులో పాప గెలిచింది. ఆ గెలుపులో ఎవరి దయా లేదు.

బొమ్మల అంగళ్లలో దొరికే మూరెడు బోర్డులు పిల్లలకు చాలు అనే మాట నాకు సమ్మతం కాదు. తేలిక ప్లాస్టిక్ కాయిన్లు తాకగానే ఎగిరిపోతాయి, వాటి మీద వేలికి బరువు తెలియదు. అంతకంటే పెద్ద లోటు, ఆ బోర్డు చుట్టూ పెద్దవాళ్లు కూర్చోలేరు. పిల్ల ఒక్కతే ఆడుకుని, విసుగొచ్చి వదిలేస్తుంది.

ఇక అవ్వ. చాలా ఏళ్లు ఆమె నన్ను తుడిచింది, పౌడరు డబ్బా అందించింది, నా పాకెట్ల వలలు చినిగితే నూలుదారంతో మళ్లీ అల్లింది, అంతే. ఒక సాయంత్రం నాయన సెకండ్ షిఫ్టుకు పోయాడు. డబుల్స్‌కు నాలుగో మనిషి తక్కువైంది. “రా అవ్వా” అని పాప చెయ్యి పట్టి లాగింది. మొదటి నాలుగు దెబ్బలు ఎటో పోయాయి. తర్వాత ఆమె వేలు ఊరుకుంది. చిన్నప్పుడు ఇంటి అరుగు మీద గచ్చకాయలు ఆడిన చెయ్యి అది. ఒక కాయ పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోపు నేల మీది కాయలను పక్క కాయ కదలకుండా ఏరుకుని, పైకాయను మళ్లీ పట్టాలి. ఆ ఒడుపు పోలేదు. కాయిన్ల గుంపులో పక్కదాన్ని తాకకుండా ఒక్కదాన్నే లాగడం అవ్వకు వచ్చినట్టు ఇంట్లో ఇంకెవరికీ రాలేదు. తన గీత వెనక ఇరుక్కున్న కాయిన్‌ను మిగతావాళ్లు వదిలేసేవాళ్లు. అవ్వ స్ట్రైకర్‌ను ఎదుటి ఫ్రేముకు పంపి, వెనక్కి రప్పించి, దాన్ని పాకెట్‌లోకి నెట్టేది. ఆ రోజు నుంచి అవ్వ ఎటు ఉంటే అటు చేరాలని పోటీ.

అత్తను కృష్ణగిరిలో ఇచ్చారు. మామ మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఎండాకాలం సెలవులకు పిల్లలతో పాటు నన్నూ కారు మీద కట్టి తీసుకుపోయేవాళ్లు. రెండు ఊళ్ల మధ్య యాభై కిలోమీటర్లే, గాలి మాత్రం వేరు. హోసూరు మూడువేల అడుగుల ఎత్తున ఉన్న చల్లని చోటు. ఐప్పసి, కార్తీక వానల్లో నా ప్లైవుడ్ తేమ పీల్చుకుంటుంది, పౌడరు ముద్దకడుతుంది, కాయిన్ సగం దూరంలోనే ఆగిపోతుంది. కృష్ణగిరి ఎండకు నా ఒళ్లు ఆరి గలగలలాడేది. అదే వేలు, అదే విసురు, కాయిన్ మాత్రం రెట్టింపు దూరం పరిగెత్తేది. 15 గ్రాముల స్ట్రైకర్‌ను శక్తికొద్దీ కొడితే ఆ చివరికీ ఈ చివరికీ మూడున్నర సార్లు తిరగాలని సమాఖ్య నియమం. కృష్ణగిరిలో ఆ పరీక్ష నేను తేలిగ్గా నెగ్గేదాన్ని. మొదటిరోజు హోసూరు పిల్లలు ఓడేవాళ్లు, మూడోరోజుకు వేలు తగ్గించుకోవడం నేర్చేవాళ్లు. అక్కడ ఇంకో కట్టుబాటు ఉండేది. తోతాపురి ముక్క తిన్న చేతిని కడిగి, తుడిచి, అత్తకు చూపించాకే నన్ను ముట్టాలి. ఒక్క జిగట వేలిముద్ర పడితే కాయిన్ అక్కడే వంకర తిరుగుతుంది.

నాకు అన్నిటికంటే ప్రీతి అయినది నా పక్కన ఉండే స్కోరు పుస్తకం. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టంతో మా రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తెలుగు మాధ్యమంలో చదివిన నాయన బిడ్డకు బడిలో తెలుగు అక్షరం దొరకలేదు. పాప ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదివేది తమిళం, ఇంగ్లీషు. తాత మాత్రం స్కోరు తెలుగులోనే రాసేవాడు. ఎవరి పేరు కింద ఎన్ని పాయింట్లు పడ్డాయో సరిచూసుకోవాలంటే పాపకు ఆ పేర్లు చదవడం రావాలి. మొదట తన పేరు గుర్తుపట్టింది, తర్వాత అవ్వ, తాత, నాయన. ఆ తర్వాత ‘ఫైన్’, ‘రెడ్’, ‘బాకీ’. తాత ఒకసారి ఆమె పాయింట్లు తన కింద రాసుకుంటే అక్షరాలు కూడబలుక్కుని పట్టుకుంది. ఆ పుస్తకం నిండేలోపు తెలుగు పేపరు పెద్ద అక్షరాలు చదవసాగింది. ఇట్లాంటి ఇళ్లలో భాష బతకడానికి ఒక పని కావాలి. మా ఇంట్లో ఆ పని నా వల్ల దొరికింది.

పేపరు చదవడం వచ్చాక పాప నా కులస్థుల వార్తలు వెతికేది. తమిళనాడుకు ఈ ఆటలో పెద్ద పేరు. చెన్నై మరియ ఇరుదయం ప్రపంచ విజేతగా నిలిచారు, 1996 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నారు. వ్యాసర్పాడి ఇళవళగి 2008లో ఫ్రాన్స్‌లో ప్రపంచ టైటిల్ గెలిచారు. హైదరాబాదు ఎస్. అపూర్వ 2016లో బర్మింగ్‌హామ్‌లో మహిళల ప్రపంచ విజేత. 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్పులో చెన్నై ఆటోడ్రైవరు కూతురు ఖాజిమా పదిహేడేళ్లకే మూడు స్వర్ణాలు తెచ్చింది. ఆ ఫొటో కత్తిరించి పాప నా వీపుకు అంటించింది, ఇప్పటికీ ఉంది.

నాకు దూరపు చుట్టాలూ ఉన్నారు. కెనడాలో క్రోకినోల్ అని ఒక గుండ్రటి బోర్డు ఉంది. బిళ్లను వేలితో మీటి నడిమి గుంతలోకి పంపాలి, దారిలో మేకుల్లాంటి అడ్డాలు ఉంటాయి. దొరికినవాటిలో పాతదాన్ని ఒంటారియోలో ఎకార్ట్ వెట్లాఫర్ అనే ఆయన 1876లో తన కొడుకు అయిదో పుట్టినరోజుకు చేశాడని చెబుతారు. అదే ఒంటారియోలోని టావిస్టాక్ ఊళ్లో 1999 నుంచి క్రోకినోల్ ప్రపంచ పోటీ జరుగుతోంది. ఒక తండ్రి అయిదేళ్ల బిడ్డ కోసం చేసిన ఆటకు పెద్దవాళ్లు ఊళ్లు దాటి వస్తున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. మా తాత కొన్నదీ కొడుకు కోసమే.

మధ్యలో కొన్నేళ్లు నేను బీరువా వెనక ఉన్నాను. ఇంటికి ఫోన్లు వచ్చాయి, నాయన షిఫ్టులు మారాయి, పాపకు ట్యూషన్లు. 2020 లాక్‌డౌన్‌లో నన్ను బయటికి తీశారు. ఒక అంచు మీద నిలబెట్టి ఉంచినందువల్ల నా పలక నడుమ కొద్దిగా వంగింది. తాత మళ్లీ గోళీ పెట్టి చూశాడు, తల ఊపాడు. నాయన వడ్రంగిని పిలిపించి కింద రెండు అడ్డకర్రలు కొట్టించాడు. ఇప్పుడు మునుపటంత సమంగా లేను, ఆటకు మాత్రం పనికొస్తాను. తాత వేలు వణుకుతోంది. అందుకని ఇప్పుడు షరతు పాప వేసుకుంటుంది, ఎడమచేత్తో ఆడుతుంది. తాత ఆ షరతుకు ఒప్పుకున్నాడు, ప్రాణం పెట్టి ఆడుతున్నాడు.

మీ ఇంట్లోనూ నావంటిది ఒకటి అటక మీదో, తలుపు వెనకో ఉండవచ్చు. దించండి. తడిబట్ట ముట్టించకుండా పొడిబట్టతో తుడవండి. ఆడనప్పుడు గోడకు ఒరిగించి వదిలేయకండి, చదునుగా పడుకోబెట్టండి. గోళీ పెట్టి మట్టం చూడండి, పౌడరు కొద్దిగానే చల్లండి. మొదటి దెబ్బ ఇంట్లో అందరికంటే చిన్నవారిది కానివ్వండి. షరతు ఏదైనా పెట్టుకోండి, కావాలని మాత్రం ఓడిపోకండి.