టెక్సాస్‌లో ఏనుగు తుపాకీ

ఎదిగిన ఆఫ్రికా మగ ఏనుగు ఆరు టన్నుల దాకా తూగుతుంది. టెక్సాస్ హిల్ కంట్రీలో తిరిగే తెల్లతోక జింక ఎంత బాగా మేసినా ఓ మోస్తరు మనిషి బరువుంటుంది. ఈ రెండింటికీ ఒకే తుపాకీ కావాలని వాదించే పెద్దమనుషులకు అమెరికాలో కొదవ లేదు. ఏనుగు దగ్గరికి వాళ్లు ఎలాగూ వెళ్లరు కాబట్టి ఆ తుపాకీ భారమంతా జింక నెత్తినే పడుతుంది.

అక్కడి జింకల వేట సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. మూడు కాళ్ల మీద ఒక డబ్బా నిలబెడతారు. అందులో మొక్కజొన్న గింజలు పోస్తారు. దానికి గడియారం కట్టిన చిన్న మోటారు ఉంటుంది. తెల్లవారగానే అది గిర్రున తిరిగి గింజలు చిమ్ముతుంది. ఆ చప్పుడు వినగానే జింకలు బంతి భోజనానికి వచ్చినట్టు వస్తాయి. సుమారు వంద గజాల అవతల కిటికీలున్న చెక్క గదిలో, తిరిగే కుర్చీలో, ఫ్లాస్కులో కాఫీతో వేటగాడు కూర్చుని ఉంటాడు. టెక్సాస్ చట్టం దీన్నంతటినీ అనుమతిస్తుంది. ఈ పనికి 1895 నాటి .30-30 తూటా సరిపోతుంది. మూడు తరాలుగా సరిపోతూనే ఉంది. తాత దానితోనే కొట్టాడు, తండ్రీ దానితోనే కొట్టాడు. మనవడికి మాత్రం ఏనుగుల తూటా .458 కావాలి.

ఎందుకయ్యా అంటే, 'ఒకవేళ' అంటాడు. తుపాకుల దుకాణంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే సరుకు ఈ ఒకవేళే. ఒకవేళ అలాస్కా వెళితే? ఒకవేళ ఎలుగుబంటి ఎదురైతే? ఒకవేళ ఎప్పుడైనా ఆఫ్రికా సఫారీకి పిలుపు వస్తే? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఏనుగు, దున్న వంటి ప్రమాదకరమైన జంతువులను వేటాడాలంటే కనీసం .375 క్యాలిబర్ ఉండాలని నిబంధన ఉంది. మనవాడు ఆ నిబంధనను కంఠతా పట్టి, శాన్ ఆంటోనియో దగ్గరి మొక్కజొన్న డబ్బాకు వర్తింపజేస్తాడు.

ఏనుగు లేని లోటు తీర్చడానికి టెక్సాస్‌లో మన మనుబోతు ఒకటి ఉంది. కింగ్ రాంచ్ వాళ్లు పోయిన శతాబ్దం మొదటి సగంలో ఈ మనుబోతులను, అంటే నీల్‌గాయ్‌లను తెచ్చి దక్షిణ టెక్సాస్‌లో వదిలారు. అవి అక్కడ వేలకు వేలు పెరిగాయి. ఇక్కడ శనగ చేలో పడితే రైతు కేకలేసి, డబ్బా కొట్టి తరిమే జంతువు అది. అక్కడ దానికి ఉక్కు కవచం ఉందని, మామూలు తూటా తగిలితే దులుపుకుని పోతుందని కథలు పుట్టాయి. గట్టి ప్రాణి అన్న మాట నిజమే. కానీ ఆ కథలు విన్న మన జంతువు తనను తానే గుర్తుపట్టలేదు.

అసలు ఈ పెద్ద తూటాల వంశవృక్షమే వింతైనది. .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ 1912 నాటిది. దొరలు, మహారాజులు కొన్న సరుకు అది. అంతకుముందు 1907 ప్రాంతంలో భారతదేశంలోని బ్రిటిష్ ప్రభుత్వం .450 క్యాలిబర్ తుపాకుల మీద నిషేధం పెట్టింది. పాత మార్టిని-హెన్రీ సైనిక తుపాకుల క్యాలిబర్ కూడా అదే కావడంతో, పులుల కోసం తెచ్చిన సరంజామా తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతుందని భయం. లండన్ తుపాకీ కంపెనీలు ఏం చేశాయి? గొట్టాన్ని వెంట్రుకవాసి పెంచి .465, .470, .475 అని కొత్త తుపాకులు దించాయి. చట్టానికి చట్టం, తుపాకీకి తుపాకీ. ఈనాటికీ .470కి ఏదో దైవదత్తమైన మహిమ ఉన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు. ఆ సంఖ్యను ప్రసాదించింది కలకత్తా గుమాస్తాలని వాళ్లకు చెబితే నొచ్చుకుంటారు.

ఆ తర్వాత అమెరికన్లు రంగంలోకి దిగారు. 1956లో విన్చెస్టర్ కంపెనీ .458 తెచ్చి, దాన్ని కాల్చే తుపాకీకి 'ఆఫ్రికన్' అని పేరు పెట్టింది. రెండేళ్లకు .338 తెచ్చి 'అలాస్కన్' అంది. విమానం టికెట్ లేకుండానే ఖండాలు దాటించిన పేర్లు అవి. ఆ దశాబ్దం చివర్లోనే కాలిఫోర్నియాలో రాయ్ వెదర్‌బీ .460 తయారు చేశాడు. మామూలు .30-06 కన్నా .458 దాదాపు మూడు రెట్లు, .460 ఐదు రెట్ల దాకా బలంగా వెనక్కి తంతాయి. ఇక జాక్ లాట్ అనే ఆయన 1959లో మొజాంబిక్‌లో .458తో దున్నను కొట్టాడు. అది చావకుండా వచ్చి ఆయన్ని కుమ్మింది. ఆయన కోలుకుని 1971లో ఇంకా పొడవైన .458 లాట్ అనే తూటా తెచ్చాడు. దున్న కుమ్మినవాడికి ఆ హక్కు ఉంది. కాఫీ ఫ్లాస్కు తప్ప ఇంకేదీ మీద పడని మనిషి ఆ అనుభవాన్ని అరువు తెచ్చుకోవడమే నవ్వు తెప్పిస్తుంది.

ఈ పెద్దమనుషుల జేబులో ఒక సూత్రం కూడా ఉంటుంది. ఆఫ్రికాలో దొంగచాటుగా దంతాల వేట సాగించిన ఐరిష్ మనిషి జాన్ టేలర్ 1948లో అచ్చయిన తన పుస్తకంలో ఇచ్చిన లెక్క అది. తూటా బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో, వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 7000తో భాగించాలి. వచ్చిన అంకె ఆ తుపాకీ 'పడగొట్టే శక్తి'. తలకు తగిలి మెదడు తప్పిపోయిన తూటా ఏనుగును ఎంతవరకు సొమ్మసిల్లజేస్తుందో చెప్పడానికి పాపం ఆయన ఈ లెక్క కట్టాడు. ఇప్పుడది లోకంలోని ప్రతి ప్రాణికీ కొలబద్ద అయిపోయింది. ఆ లెక్కన .458కి 69 మార్కులు. .460 వెదర్‌బీకి 85. ఇక మన హైదరాబాదు సిరాజ్ గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసే క్రికెట్ బంతిని అదే సూత్రంలో పెట్టండి. బరువు 160 గ్రాములు, వ్యాసం 2.8 అంగుళాలు. 125 దాటుతుంది! అంటే కొత్త బంతి చేతికిచ్చి సిరాజ్‌ను అడవిలోకి పంపితే ఏనుగులు వరసగా పడిపోవాలి. ఆడలేక వదిలేసిన బ్యాట్స్‌మన్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

సూత్రం పోయినా నమ్మకం పోదు. పెద్ద తూటా తగిలితే జంతువు గాల్లోకి ఎగిరి పడుతుందని సినిమాలు చూసి నమ్మినవాళ్లున్నారు. తూటాకు జింకను ఎగరేసే ఊపే ఉంటే, అదే ఊపు కాల్చినవాణ్ణి కుర్చీతో సహా గోడలోంచి బయటికి విసరాలి. న్యూటన్ టెక్సాస్‌కు మినహాయింపేమీ ఇవ్వలేదు. జంతువు చచ్చేది తూటా గుండెనో, ఊపిరితిత్తులనో, మెదడునో చీల్చినప్పుడు. ఆ చోటికి తూటాను పంపడం వేలి పని, కంటి పని. దుకాణంలో అవి రెండూ దొరకవు.

దొరికేవి మిగతావి. అసలు ఖర్చు మొదలయ్యేది తుపాకీ కొన్నాక. ముందు స్కోప్ బిగించాలి. పెద్ద తుపాకీకి కంటికీ అద్దానికీ మధ్య నాలుగు అంగుళాల దూరం ఉండాలని తెలిసినవాళ్లు చెబుతారు. మనవాడు బొమ్మ నిండుగా కనిపిస్తోందని అద్దాన్ని కంటి దగ్గరికి జరుపుకుంటాడు. మొదటి తూటా పేలగానే స్కోపు అంచు వచ్చి కనుబొమ్మ మీద నెలవంక గీస్తుంది. వేటగాళ్లలో ఆ గాటుకు ముద్దుపేర్లు కూడా ఉన్నాయి. దాన్ని సిగ్గుపడి దాచేవాళ్లు తక్కువ, వీరతిలకంలా చూపించేవాళ్లే ఎక్కువ.

దాంతో భుజానికి మెత్త వస్తుంది. తుపాకీ మడమకు రబ్బరు దిండు వస్తుంది. చెక్కలో తొలిచి పాదరసం గొట్టం పెట్టిస్తాడు, దెబ్బ తగ్గుతుందట. అంత దెబ్బకు చెక్క చీలకుండా అడ్డంగా ఉక్కు బోల్టులు, లోపల జిగురు పూత. ఇంతా చేస్తే తుపాకీ ఐదు కిలోలవుతుంది. మోయడం కష్టం కాబట్టి పట్టీ, పట్టీకి మళ్లీ మెత్త. చివరికి గొట్టం కొసకు మజిల్ బ్రేక్ బిగిస్తాడు. రంధ్రాలున్న గొట్టం ముక్క అది. వెలువడే వాయువును పక్కలకు మళ్లించి వెనక తన్నును తగ్గిస్తుంది. నిజంగానే తగ్గిస్తుంది. కాకపోతే తన భుజం మీద పడాల్సింది పక్కవాడి చెవిలో పడుతుంది. ఆఫ్రికాలో వేటకు దారి చూపేవాళ్లు, అడుగుజాడలు పట్టేవాళ్లు ఇలాంటి తుపాకీతో దిగే అతిథిని చూసి లోలోపల మొక్కుకునేది ఇందుకే.

ఇక గురి సరిచూడటం. బల్ల ముందు కూర్చుని కాలిస్తే ఒళ్లు ముందుకు వంగి ఉంటుంది, దెబ్బను మింగే వీలుండదు. నిలబడి కాలిస్తే నడుము ఊగి దెబ్బ సగం కరిగిపోతుంది. అందుకని అనుభవజ్ఞులు నిలబడే సాధన చేస్తారు. మనవాడు మాత్రం బల్ల వదలడు. తుపాకీని ఇనుప చట్రంలో కూర్చోబెట్టి దాని మీద సీసం గుళ్ల సంచులు పేరుస్తాడు. కదలడానికి వీల్లేని తుపాకీ ఆ కోపాన్ని తన చెక్క మీదా, స్కోపు మీదా తీర్చుకుంటుంది. చెక్క పగిలితే? కంపెనీని తిడతాడు.

తూటా ఒక్కటి పది డాలర్ల పైమాటే. పెట్టెలో ఇరవై. మూడు కాలుస్తాడు. మూడోది పేలకముందే కళ్లు గట్టిగా మూసుకుపోయి ఉంటాయి. కాగితం మీద చిల్లు కనిపించగానే 'జీరో అయింది' అని ఇంటికి వచ్చేస్తాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనవాళ్లు వెక్కిరించేవాళ్లు కానీ, బ్రహ్మాస్త్రానికి కనీసం మంత్రం నేర్చుకోవాలి, గురువు దగ్గర ఏళ్ల తరబడి పడి ఉండాలి. దీనికి క్రెడిట్ కార్డు చాలు.

తెలిసిన స్నేహితుడెవరైనా తూటాల మధ్య చెప్పకుండా ఒక డమ్మీని పెట్టి ఇస్తే బండారం బయటపడుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే టిక్కుమంటుంది. తుపాకీ పేలదు కానీ గొట్టం జానెడు కిందికి దిగుతుంది, భుజం ఎగిరిపడుతుంది. దెబ్బ రాకముందే ఒళ్లు జడిసింది. జింక దగ్గరా జరిగేది అదే. తూటా గుండెకు బదులు పొట్టలోనో దవడలోనో దిగుతుంది. పొట్టలో దిగితే .458 అయినా .30-30 అయినా జంతువుకు తేడా ఏమీ ఉండదు. పొదల్లోకి పరుగెత్తి గంటల తరబడి చస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నవ్వు రాని చోటు ఇదొక్కటే. మన వేటగాడు దిగులుగా వెనక్కి వచ్చి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, క్యాలిబర్ చాలలేదంటాడు.

చిన్న తూటాతో పనయ్యేదా అంటే, స్కాట్లాండ్ నుంచి ఆఫ్రికా వెళ్లిన డబ్ల్యూ.డి.ఎమ్. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు, అందులో ఎక్కువ శాతం 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాతో. దాన్నే ఇంగ్లండులో .275 రిగ్బీ అనేవారు. అన్ని ఏనుగులను చంపినవాణ్ణి పొగిడే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆయన ఏనుగు పుర్రెను రంపంతో నిలువునా కోసి, మెదడు ఎక్కడుందో అన్ని కోణాల్లో చూసి నేర్చుకున్నాడు. చంపావత్ పులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు దక్కిన బహుమతి కూడా .275 రిగ్బీయే. ఈ మాట చెబితే మనవాడు టక్కున అంటాడు: 'వాళ్లు ఆరితేరినవాళ్లు సార్, మనలాంటి మామూలు వాళ్లకు పెద్ద తుపాకీ కావాలి.' అంటే ఈతరాని వాణ్ణి లోతు ఎక్కువున్న చోట దింపాలన్నమాట.

న్యాయంగా చెప్పాలంటే పెద్ద తుపాకీ అవసరమైనవాళ్లు లేకపోలేదు. కార్బెట్ దగ్గర కూడా బరువైన .450/400 జోడుగొట్టాల తుపాకీ ఉండేది. ఆఫ్రికాలో సఫారీ నడిపే వృత్తి వేటగాళ్లు .458, .470 మోస్తారు. ఎందుకు? డబ్బు కట్టి వచ్చిన అతిథి దున్నను తప్పుడు చోట కొట్టి వదిలేస్తే, అది పొదలోంచి పది అడుగుల దూరాన దూసుకొస్తుంది కనుక. ఆ అతిథి గురి ఎందుకు తప్పాడు? తాను మోయలేని తుపాకీ తెచ్చాడు కనుక.

ఈ సంత మనవాళ్లకు దూరమనుకోకండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు. మినహాయింపుల్లో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం. అందువల్ల డాలస్‌లో గుడ్డు కూడా ముట్టని మన సాఫ్ట్‌వేర్ కుర్రాడు ముందు చట్టరీత్యా వేటగాడై, ఆ తర్వాత తుపాకీ యజమాని కావచ్చు. వేట లైసెన్సు ఉండి వేట లేనివాడు అతడు, వేట ఉండి గురి లేనివాడు టెక్సాస్ దొర. ఇద్దరూ ఒకే కౌంటరు ముందు నిలబడి 4473 నంబరు ఫారం నింపుతారు. మన దేశంలో సరదా వేట చట్టవిరుద్ధం కాబట్టి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు కుర్రాడు చూపించగలిగేది ఫొటో మాత్రమే. అత్తయ్యలు అడుగుతారు, 'అంత పెద్దది ఎందుకు నాయనా?' అతడి దగ్గరా సిద్ధంగా ఉంటుంది: ఒకవేళ.

పాత తుపాకులు అమ్మే దుకాణంలో పెద్ద క్యాలిబర్ రైఫిలు కనిపిస్తే దాని పక్కన తూటాల పెట్టె కూడా ఉంటుంది. లెక్కపెట్టి చూడండి, పదిహేడు. మిగతా మూడింటి ఖాళీ తొడుగులను అమ్మినవాడు జాగ్రత్తగా తిరిగి పెట్టెలోనే పెట్టి ఇచ్చి ఉంటాడు. చెక్క మీద గీత పడి ఉండదు, గొట్టం లోపల కొత్తదిలా మెరుస్తుంటుంది. ఎందుకు అమ్మేశాడని కౌంటరు దగ్గరి మనిషిని అడిగితే నవ్వాపుకుంటూ చెబుతాడు: ఆయన .500 కొనడానికి వచ్చాడు, ఇది మార్పిడిలో ఇచ్చిపోయాడు.