నాదోపాసన, వారంటీతో సహా

మార్గళి మాసము వచ్చినదనిన, మ్యూజిక్ అకాడమీ మొదలుకొని మైలాపూరు సందులలోని చిన్న సభల వరకు త్యాగరాజస్వామి తెలుగు తమిళ గళముల నుండి జాలువారుచు, క్యాంటీనులలో నేతిదోసెల చప్పుడు దానికి తాళము వేయుచుండగా, శ్రుతిశుద్ధి విషయమున ఇంత పట్టుదల గల నగరము మరియొకటి కలదా యని పొరుగూరివాడు ముక్కున వ్రేలు వేసికొనును. ఆ పొరుగూరివాడే కచేరీ ముగిసిన పిమ్మట గాలి పీల్చుకొనుటకై మెరీనా యెదుట కామరాజర్ సాలై మీదికి పోయెనేని, ముక్కు మీది వ్రేలిని తీసి చెవిలో పెట్టుకొనవలసి వచ్చును. అచట వేరొక సంప్రదాయపు విద్వాంసులు, తంబురా లేకయే, మృదంగము లేకయే, ఇనుపగొట్టమొక్కటే ఆధారముగా, తమ విద్యను అడిగినవారికిని అడుగనివారికిని సమానముగా వినిపించుచుందురు.

ఈ రెండవ సంప్రదాయమునకు గూడ చెన్నపట్టణమే మూలపీఠము. 1955లో మద్రాస్ మోటార్స్ వారు ఇంగ్లాండులోని రెడిచ్ కంపెనీతో పొత్తు కలిపి, ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పి, తిరువొత్తియూరులో బుల్లెట్లు తయారుచేయ నారంభించిరి. తరువాత పుట్టింట దీపమారినను మెట్టినింట వెలుగు తగ్గలేదు సరిగదా, ఒరగడమునకును వల్లం వడగాలుకును ప్రాకినది. ఆనాటి పోతయినుప ఇంజను నిదానముగా డుబుడుబుమని కొట్టుకొనుచు పోవుచుండగా ఇన్‌స్పెక్టరుగారు వచ్చుచున్నారని వీధి మొదటనే తెలిసెడిది. దొంగలకు గూడ ఆ మేరకు ఉపకారము జరిగెడిది. 2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణములు అమలులోనికి వచ్చుటతో, మిగిలియున్న కార్బురేటర్లు గూడ తప్పుకొని, పెట్రోలును లెక్కకట్టి చిమ్ము ఇంజెక్టరును, పొగను వాసన చూచు సెన్సారును, ప్లాటినము, పలాడియము, రోడియము వంటి విలువైన లోహములతో విషవాయువులను విరుచు కెటలిటిక్ కన్వర్టరును స్థిరపడినవి. పొగ తగ్గినది, చప్పుడు తగ్గినది, వానితోపాటు తమ పౌరుషము గూడ తగ్గినట్లు కొందరికి తోచినది.

తగ్గిన పౌరుషమును మరల బిగించు క్షేత్రము పుదుపేట. ఎగ్మూరు దాపున, కూవము గట్టున, పాతబండ్ల యంగములు కుప్పలుగా పడియుండు ఆ వీధులలో, ఇండోరి, పంజాబ్, డాల్ఫిన్, గోల్డ్‌స్టార్, షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్ అను నామధేయములతో సైలెన్సర్లు దండలవలె వ్రేలాడుచుండును. స్లొవేనియా దేశపు అక్రపోవిచ్ గొట్టము కొనుటకు చాలని వానికి ఆ పేరు గల స్టిక్కరైనను మన బజారులలో సులభముగనే దొరకును. 1909లో తుపాకికి సైలెన్సరు పేటెంటు పొందిన హైరమ్ పెర్సీ మాక్సిమ్ అను అమెరికా దేశస్థుడు మోటారు బండ్ల చప్పుడణచు పనియందు గూడ పాటుపడెను. అతని తండ్రి మాక్సిమ్ మరతుపాకిని నిర్మించినవాడు. తండ్రి చేసిన చప్పుడునకు కొడుకు ప్రాయశ్చిత్తము చేసెనని సరిపెట్టుకొందము. మన వీధులలో మాత్రము, తండ్రి నోరు మెదపక కొనియిచ్చిన బండికి కొడుకు నోరు తెరిపించుచున్నాడు.

మొన్న నా ముసలి స్కూటరుకు అద్దము కొనుటకై పోయి, ఈ సంస్కారమును దగ్గర నుండి చూచితిని. త్యాగరాయనగరు తెలుగు కుర్రవాడు; ఇంకను సీటుమీది ప్లాస్టిక్ కవరైనను తీయని బండి. మేస్త్రీ, నాలుగు భాషలలో బేరమాడగల ఘనుడు, గొట్టమును కంటికానించి ఆకాశమును చూచి, స్క్రూడ్రైవరుతో రెండు మారులు తట్టి, లోపలి గ్లాస్‌వూలును పిడికెడు లాగి పారవైచెను. అంత కుర్రవాడు కంఠము తగ్గించి యడిగినది ఇది:

“అన్నా, సౌండ్ అదిరిపోవాలి. కానీ వారంటీ పోకూడదు.”

“పోదు తంబీ. కంపెనీ సైలెన్సర్ మాత్రం పారెయ్యకు, అటక మీద పెట్టుకో. సర్వీసుకి వెళ్లే ముందు రోజు ఇక్కడికి తీసుకొచ్చెయ్, మార్చి ఇస్తా.”

“మరి ట్యూనింగ్ బాక్స్?”

“వైర్ కట్ చెయ్యకుండా కప్లర్‌తోనే పెడతాలే. పీకేస్తే ఆనవాలుండదు.”

ఆ ప్రశ్నలోని లోకజ్ఞానమునకు నేను చేష్టలుడిగి నిలిచితిని. ఏలయన, మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను, 2019 సవరణ పిమ్మట, ధ్వని ప్రమాణములు మీరినవానికి మూడు నెలల వరకు ఖైదో, పదివేల రూపాయల వరకు జరిమానాయో, రెండునో చూపుచు, మూడు నెలలు లైసెన్సునకు గూడ ఎసరు పెట్టుచున్నది. 182-ఏ సెక్షను అక్రమముగా బండి రూపు మార్చిన యజమానికి ఆరు నెలల వరకు ఖైదో, ఒక్కొక్క మార్పునకు ఐదువేల జరిమానాయో, రెండునో చూపుచున్నది. నివాస ప్రాంతములలో రాత్రివేళ 45 డెసిబెళ్లు మించరాదని 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనలు ఘోషించుచున్నవి. విశాఖలో పోలీసువారు పట్టిన సైలెన్సర్లను రోడ్డుమీద పరచి రోలరుతో తొక్కించిరి, ఆ తొక్కిడి చప్పుడును గూడ సెల్‌ఫోనులలో పట్టి దాచుకొన్న రసికులుందురనుటలో నాకు సందేహము లేదు. ఇన్ని యుండగా, ఆ కుర్రవానికి పోలీసు గుర్తురాలేదు, న్యాయాధికారి గుర్తురాలేదు, పైవాటాలో గుండె ఆపరేషను చేయించుకొని పడుకొన్న మామయ్యగారు గుర్తురాలేదు. గుర్తువచ్చినది వారంటీ కార్డు. ముప్పది మూడుకోట్ల దేవతలును చేయలేని పనిని, చదువక సంతకము చేసిన కాగితము చేసినది.

ఆ భయము వట్టిది కాదు. ఇంజెక్షను బండిలో గొట్టము మార్చినంత మాత్రమున ఇంజను మారిన సంగతి తెలిసికొని తనంత తాను పూర్తిగా సర్దుకొనదు. సెన్సారు సైగ చేసిన మేరకు పెట్రోలును కొంచెము హెచ్చుతగ్గులు చేయును, ఆ హద్దు దాటినచో మిశ్రమము పలుచబడి వేడి హెచ్చును. థ్రాటిల్ వదలినప్పుడు కాలక మిగిలిన పెట్రోలు వేడిగొట్టములో అంటుకొని టపటప పేలును. ఆ పేలుడునే మనవాడు బలమని భ్రమించును. నిజమునకు ఇరువది అశ్వముల ఇంజనుకు మరొక అశ్వము చేరిన చేరవచ్చును గాని, మెట్రో రెండవ దశ త్రవ్వకముల యెదుట ట్రాఫిక్కు నిలిచినప్పుడు ఆ క్రొత్త గుర్రము గూడ తక్కిన ఇరువదింటితో కలిసి నిలుచుటయే దాని రాత.

ఇక ఫ్రీ సర్వీసునాడు జరుగు నాటకము. ముందురాత్రి అటక దిగిన కంపెనీ గొట్టము సాధ్వివలె బండిని అంటిపెట్టుకొని యుండును. సలహాదారుడు మోకాళ్లమీద కూర్చుండి నట్టు తలమీది స్పానరు గీతలను, క్రొత్తగా మెరయుచున్న గ్యాస్కెటును, నీలమెక్కిన బెండుపైపును టార్చి వేసి చూచును. కుర్రవాడు గోడమీది క్యాలెండరును శ్రద్ధగా చదువును. పిమ్మట సీటు క్రింది కప్లరుకు యంత్రము తగిలింపగా, ఈసీయూ అను చిత్రగుప్తుడు తాను కూడబెట్టిన పాపముల చిట్టాలో దొరికినంత చదివి వినిపించును. మేస్త్రీ చెరిపిన ఆనవాళ్లలో ఈ చిట్టా చేరలేదు. ఇచట ఒక్కమాట కంపెనీలవారికి గూడ చెప్పవలసియున్నది: గొట్టము మార్చినందున ఇంజను చెడినదని తేల్చి వారంటీ నిరాకరించుట న్యాయమే కావచ్చును గాని, ఆ సాకుతో హారను మూగబోయినను చేతులు దులుపుకొనుట నాకు న్యాయముగా తోచదు.

కావున ప్రభుత్వమువారికి నా మనవి. మెరీనాలో గాంధీ విగ్రహము దగ్గర రాత్రులు నిలుచు పోలీసువారికి తోడుగా, ఇస్త్రీ చొక్కాయు మెడలో బిళ్లయు చేతిలో జాబ్‌కార్డును గల సర్వీసు సలహాదారుని ఒక్కనిని నియమింపవలయును. అతడు జరిమానా వేయనక్కరలేదు. బండిచుట్టు ప్రదక్షిణము చేసి, నాలుక చప్పరించి, “సార్, దీనికి వారంటీ పోయిందండీ” అని ముద్ర వేసినచో చాలును. దీనిలో చిక్కొకటి లేకపోలేదు. యాక్సెసరీల కౌంటరులో కొంచెము గంభీరమైన గొట్టములను, చట్టము గీచిన గీత దాటనివానిని, కంపెనీలవారే అమ్ముచున్నారు గనుక, మన సలహాదారుడు ముద్ర వేసిన చేతితోనే క్యాటలాగు తెరచి, “ఇది పెట్టించుకోండి సార్, సౌండు బాగుంటుంది, వారంటీ కూడా పోదు, జీఎస్టీ ఎక్స్‌ట్రా” అని అచటనే బేరము మొదలుపెట్టును.