డ్రమ్ము సామి

మూగజీవాల షెడ్డుకు వచ్చే జనంలో రకాలున్నాయి. కుక్కపిల్లను ఎత్తుకుని ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లు ఒక రకం. పిల్లాడి పుట్టినరోజని క్యాను నిండా పెరుగన్నం తెచ్చి, కుక్కలు తింటుంటే పక్కనే కేకు కోయించేవాళ్లు ఇంకో రకం. ఈ రెండు రకాలూ వెళ్లిపోయాక వెనకవైపు రేకుల గదిలోంచి ఒక కేక వినిపిస్తుంది.

"ఎవురు సామీ ఈ దుప్పటిని జిప్పుతో సహా వేసింది?"

ఆయనే డ్రమ్ము సామి. అసలు పేరు షెడ్డులో ఎవరికీ గుర్తుండదు. ఇలాంటి సామి మదనపల్లెలో ఒకడుంటాడు, పుంగనూరులో ఒకడు, కుప్పంలో ఒకడు. వయసు అరవై దాటి ఉంటుంది. ఆర్టీసీ డిపోలోనో కరెంటాఫీసులోనో నట్లు బిగించి రిటైరై ఉంటాడు. మూగజీవాల మీద ప్రేమతో వచ్చాడని అందరూ అనుకుంటారు గానీ ఆయన్ని రప్పించింది చెడిపోయిన వాషింగ్ మెషిను. బెల్టు మార్చడానికి ఒక పూట వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తన టవలు తాను పిండుకోని మనిషి ఇక్కడ మూటలు మూటలు ఉతుకుతున్నాడంటే ఆయన భార్య నమ్మలేదు. స్వయంగా వచ్చి చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు ఇంట్లో మాసిన దుప్పట్లన్నీ మూటగట్టి ఆయన స్కూటరు మీద పెట్టింది.

వీధికుక్కల గురించి దేశమంతా మాట్లాడుకున్న రోజుల్లోనూ డ్రమ్ము సామి ధోరణి మారలేదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీలో, దాని చుట్టుపక్కల వీధికుక్కలను పట్టి షెల్టర్లలో పెట్టమంది. అదే నెల 22న ఆ ఉత్తర్వు సవరించి, ఆపరేషన్లు, టీకాలు అయ్యాక పట్టిన చోటే వదలమంది, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దంది. నవంబరు 7న స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలకూడదంది. టీ అంగడి దగ్గర జనం రెండుగా చీలిపోయారు. స్థలం ఎవరిస్తారు, తిండి ఎవరు పెడతారు, డాక్టరు ఎక్కడ దొరుకుతాడు అని వాదించుకున్నారు. సామి గ్లాసు కింద పెట్టి ఒక్క మాట అడిగాడు. "అది సరే గానీ, పక్కగుడ్డలు ఎవురు ఉతుకుతారు?"

ఎవరూ జవాబివ్వలేదు. ఆయన లెక్క ఆయనకుంది. ముప్పై కుక్కలున్న షెడ్డులో తలా ఒక గుడ్డ వేసినా రోజుకు ముప్పై గుడ్డలు. అందులో ఆపరేషనైనవి ఉంటే తడి తగలకూడదు కాబట్టి పూటకొకటి మార్చాలి. విరేచనాలు పట్టుకున్న కూనలుంటే లెక్కే లేదు. ఇళ్లలో వాడే ఏడు కిలోల మెషిను ఈ మోతకు ఎక్కువ కాలం నిలవదు. హోటళ్లలో, ఆసుపత్రుల్లో వాడే పెద్ద మెషిన్లు వేరు. పదిహేను కిలోలు పట్టేవి, ఇరవై ఐదు పట్టేవి, అంతకు మించినవీ ఉంటాయి. నేలకు బోల్టులు వేసి బిగించే రకమైతే కింద కాంక్రీటు దిమ్మె కావాలి, పెద్దవాటికి త్రీఫేజు కరెంటు కావాలి. ఇది ఎవరైనా అడిగితే సామి చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు.

దాతలంటే ఆయనకు భక్తి కన్నా భయం ఎక్కువ. పాత గుడ్డలివ్వమంటే జనం ఏమిస్తారో ఆయనకు తెలుసు. కొక్కేలు తియ్యని కర్టెన్లు. ఉతికితే పగిలి డ్రమ్మంతా దూది చేసే దిండ్లు. నార రాల్చి నీళ్లు పోయే పంపుకు అడ్డం పడే గోనె సంచులు. ఎన్నికలైన మరుసటి వారం మాత్రం అన్ని పార్టీల కండువాలూ మూటలుగా వస్తాయి. సామి వాటిని ఒకే డ్రమ్ములో వేసి తిప్పుతాడు. బయటికి వచ్చేసరికి ఏది ఏ పార్టీదో చెప్పడం కష్టం. కుక్కలకూ అభ్యంతరం లేదు.

మదనపల్లెలో ఒకసారి ఎవరో పెద్దావిడ నీరుగట్టువారిపల్లె మగ్గం మీద నేసిన పట్టుచీరను గర్భంతో ఉన్న కుక్క కోసమని తెచ్చింది. సామి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, బ్లీచులో పడితే పట్టు, ఉన్ని కరిగిపోతాయి. దీన్ని తీసకపోయి మీ కోడలికియ్యండి. ఒక పాత లుంగీ ఉంటే పంపండి, చాలు." ఆవిడకు కోపం వచ్చింది. కోడలికి ఇవ్వడం ఇష్టంలేకే ఇక్కడికి తెచ్చిందట.

ఆయన మెషిను నింపే పద్ధతి చూడాల్సిందే. టమోటా క్రేటులోంచి ఒక్కో గుడ్డనూ రెండు మూలలు పట్టి ఎత్తుతాడు. గోడకేసి కొడతాడు. ఎండిన మలాన్ని రేకుముక్కతో గీకుతాడు. మడతల్లో వేళ్లు పోనిచ్చి వెతికితే సగం నమిలిన ఎముక, చెప్పు పట్టీ, మాత్రల అట్టముక్క దొరుకుతాయి. తర్వాత, చూసేవాళ్లకు మతిపోయేలా, ఉతకని గుడ్డల్ని ముందు డ్రైయర్లో వేస్తాడు. వేడి లేకుండా పది నిమిషాలు ఊరికే తిప్పుతాడు. బొచ్చంతా ఊడి జల్లెడకు చేరుతుంది. తడిశాక అదే బొచ్చు గుడ్డకు అంటుకుని వదలదు, కాలవలో పడితే అడ్డం పడుతుంది. జల్లెడ లాగి, దాని మీది బూడిదరంగు బొచ్చు పొరను చాపలా చుట్టి, వచ్చినవాళ్లకు చూపిస్తాడు. "ఇది ఒక్క పూటది. అమెరికాలో 2008 నుంచి 2010 దాకా ఇళ్లలో డ్రైయర్లు అంటుకుని ఏటా 2,900 అగ్నిప్రమాదాలు జరిగినాయంట. కారణాల్లో మొదటిది తుడవకపోవడమేనంట. తుడిస్తే అయిపోతాది కదా సామీ."

గోడ మీద బొగ్గుతో రాసిన బోర్డు ఉంటుంది: కుక్కల గుడ్డలు కుక్కరాదు. నవ్వేవాళ్లు నవ్వుతారు. సామి మాత్రం నవ్వడు. 2015లో అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ పశువైద్యులు ప్రచురించిన పరిశోధన ఆయనకు కంఠతా వచ్చు. పిల్లుల నుంచి మనుషులకు అంటుకునే తామర బీజాలు పట్టిన గుడ్డల్ని, నీళ్లు చల్లనివైనా వేడివైనా సరే, మెషినులో ఉన్న అన్నిటికన్నా పొడుగు సైకిల్లో రెండుసార్లు ఉతికితే చాలు, బ్లీచు అక్కర్లేదు అని వాళ్లు తేల్చారు. షరతు ఒక్కటే. డ్రమ్ములో గుడ్డలు దొర్లడానికి చోటుండాలి.

పార్వో దగ్గర మాత్రం బ్లీచు తప్పదు. 1978లో ప్రపంచమంతా పాకిన ఆ వైరసు నేల మీద, గుడ్డ మీద నెలల తరబడి బతుకుతుంది. కూనల్ని రోజుల్లో తీసుకుపోతుంది. మామూలు సబ్బుకు లొంగదు. కరోనా ఏడాది వీధుల్లో కొట్టిన హైపో బ్లీచే ఇక్కడా ఆయుధం. అయిదు శాతం ద్రావణమైతే ఒక వంతుకు 32 వంతుల నీళ్లు, పది నిమిషాల నాన. దానికి ముందు మురికి పూర్తిగా పోవాలి, మురికి మీద హైపో పని చెయ్యదు. ఉచ్చ గుడ్డల మీద నేరుగా పోస్తే అమ్మోనియాతో కలిసి కళ్లు మండే ఆవిరి లేస్తుంది. కాలేజీ నుంచి సేవకు వచ్చిన ఒక కుర్రాడు ఆ పని చేసి దగ్గుకుంటూ బయటికి పరుగెత్తాడు. ఆ కుర్రాడు ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు పాఠం చెబుతున్నాడు. సామి పక్కన నిలబడి తప్పులు దిద్దుతాడు.

ఇంతవరకూ మూడు ఊళ్ల సాములకూ తేడా లేదు. ఇక తగాదాలకొస్తే ఎవరి పట్టు వాళ్లదే.

మదనపల్లె సామి ఎండ పక్షం. డ్రైయరు బొచ్చు దులపడానికే గానీ ఆరబెట్టడానికి ఎందుకంటాడు. క్షయకు మందు లేని రోజుల్లో డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్ మోలర్ ఆరోగ్యవరం శానిటోరియంలో మంచి గాలి, విశ్రాంతి, తిండితో వైద్యం చేశాడని గుర్తుచేస్తాడు. "మనుషులకే సరిపోయిన గాలి కుక్క గుడ్డలకు సరిపోదా?" అంటాడు. అయితే కార్తికంలో ముసురు పట్టి, హార్స్‌లీ కొండల వైపు మబ్బు దిగి, తాడు మీద గుడ్డలు మూడు రోజులైనా ఆరక వాసనేస్తే, ఎవరూ చూడకుండా డ్రైయరు స్విచ్చి వేడివైపు తిప్పుతాడు.

పుంగనూరు సామికి ఎండతో పేచీ లేదు, నీళ్లతోనే. బోరు నీళ్లలో సబ్బు నురగరాదు, హీటరు మీద తెల్లటి పెచ్చు కడుతుంది. అందుకే రేకుల మీది వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి దాచుకుంటాడు. ఆయన అసలు బాధ ఇంకొకటి. ఊరి పేరు చెప్పగానే అందరికీ ఆవు గుర్తొస్తుంది. సుమారు మూడడుగుల పొట్టి జాతి, చిక్కటి పాలు, పలమనేరు పరిశోధన కేంద్రంలో సంరక్షణ. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూసింది. "ఆవు ఢిల్లీకి పోయింది, సంతోషం. మా కుక్కకు ఒక పొడి తువాలు ఇప్పించే నాథుడు లేడే" అంటాడు. ఆయన షెడ్డులోకి ఆ ఆవుదూడ ఒకటి దెబ్బ తగిలి వచ్చినప్పుడు మాత్రం దానికి వేసిన దుప్పటిని రెండుసార్లు ఉతికి, మడతపెట్టి, విడిగా పెట్టాడు.

కుప్పం సామి అన్నిటికీ "ఆమా, ఆమా" అంటూనే తన పని తాను చేసుకుపోతాడు. మూడు రాష్ట్రాల కూడలిలో పుట్టినవాడు, మూడు భాషల్లోనూ విసుక్కోగలడు. పెద్దాసుపత్రుల లాండ్రీల్లో మాసిన గుడ్డలు ఒక తలుపున పోయి, ఉతికినవి గోడకు అవతల ఇంకో తలుపున వచ్చే మెషిన్లు ఉంటాయని ఆయన ఎక్కడో చూశాడు. అంత డబ్బు లేదు కాబట్టి గది మధ్యన సున్నంతో గీత గీశాడు. ఈ పక్క మాసినవి, ఆ పక్క ఉతికినవి. గీత దాటితే చెప్పులు మార్చాలి, చేతులు కడగాలి. ప్రెసిడెంటు వచ్చినా అంతే. ఫొటోల కోసం వచ్చిన ఒక ప్రముఖుడు ఆ గీత దగ్గర ఒక కాలు ఎత్తి పట్టుకుని, రెండో చెప్పు కోసం చాలాసేపు నిలబడ్డాడు.

మూతపడిన ఒక హాస్టలు వాళ్లు అమ్మేస్తున్నారని బెంగళూరు నుంచి పాత డ్రైయరు ఒకటి కుప్పానికి వచ్చింది. వ్యాను దిగక ముందే మదనపల్లె సామి, పుంగనూరు సామి బస్సెక్కి వచ్చేశారు. "మీ షెడ్డుకు ఇది చాలా పెద్దది" అన్నాడు మదనపల్లె సామి. "ఎండ ఉండగా మీకెందుకు?" అని కుప్పం సామి అడిగాడు. ఇద్దరూ జల్లెడ ఎవరు ముందు తియ్యాలని వాదించుకుంటున్నారు. అప్పటికే పుంగనూరు సామి మెషిను వెనక్కు పోయి, ప్యానెల్ స్క్రూలు ఆరూ విప్పి జేబులో వేసుకున్నాడు.