ఆఫీసులు మాట్లాడుకుంటున్నాయి

ప్రభుత్వ శాఖల మధ్య సమన్వయం లేదని గిట్టనివాళ్లు అంటుంటారు. శుద్ధ అబద్ధం. మీ ఇంటి మీటరు నెలకు 300 యూనిట్లు దాటనివ్వండి, సమన్వయమంటే ఏమిటో తెలిసొస్తుంది. నవరత్నాలు అనే సంక్షేమ పథకాల కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో, ఎవరు అర్హులో తేల్చడానికి ఆరు అంచెల పరిశీలన అని పెట్టారు. కరెంటు, పొలం, కారు, ఆదాయపు పన్ను, సర్కారు కొలువు, పట్నంలో ఇల్లు, అన్నీ అడిగారు. ఇద్దరు కొడుకుల కాపురాలు ఒకే మీటరు కింద ఉన్నాయంటే ఆ వసారాలో మంచం వేసుకున్న ముసలమ్మ కూడా ధనవంతురాలే. కరెంటోళ్లు చెప్పారు, పింఛనోళ్లు విన్నారు. మధ్యలో ఏ దరఖాస్తూ లేదు, ఏ జిరాక్సూ లేదు.

ఇప్పుడు అదే సమన్వయాన్ని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు పాడైన ఓ కూలీ వైపు నుంచి చూద్దాం. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్. పూటకు నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. ఖర్చు ప్రభుత్వానిది, సంతోషం. నెలకు 10,000 పింఛను కూడా ప్రభుత్వమే ఇస్తుంది, మరీ సంతోషం. అయితే పింఛను కావాలంటే తాను డయాలసిస్ చేయించుకుంటున్నట్టు కాగితం తేవాలి. ఆ డయాలసిస్ బిల్లు కట్టేది ఎవరయ్యా అంటే, కాగితం అడుగుతున్న ఆ ప్రభుత్వమే! కుడిచేత్తో రక్తం కడుగుతూ ఎడమచేత్తో "నీకు నిజంగా జబ్బుందా?" అని నిలదీస్తుంది.

అక్కడి నుంచి కోటా బియ్యానికి వెళ్తే మిషన్ మీద వేలు పెట్టాలి. "గట్టిగా నొక్కు పెద్దాయనా... తుడుచుకుని పెట్టు... ఇంకో వేలు." పలుగూ పారా అరగదీసిన వేళ్లు. ఆ గీతలు ఎక్కడికి పోయాయో ఉపాధి హామీ రికార్డుల్లో చూస్తే తెలుస్తుంది కానీ, బియ్యం మిషన్‌కు ఉపాధి హామీతో పరిచయం లేదు.

ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర పేర్లు సరిచూస్తాడు. ఆధార్‌లో 'అప్పలనరసమ్మ', కార్డులో 'అప్పల నర్సమ్మ' అని ఉంటే ఇద్దరూ వేర్వేరు మనుషులు. మండలానికి వెళ్లి ఒక్కరు కావాలి. ఆ ఉచిత వైద్య పథకం సంగతి వేరు. 2007లో రాజీవ్ పేరుతో పుట్టి, ఎన్టీఆర్ వైద్యసేవ అయి, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయి, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. దాన్ని మాత్రం పేరు మార్పుకు రుజువు తెమ్మని ఏ గుమస్తా అడగలేదు. జనం తెలివైనవాళ్లు, అన్నిటినీ ఆరోగ్యశ్రీ అనే అంటారు.

తెలంగాణ ఈ విద్యలో ఒకడుగు ముందుంది. సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ రవాణా, భూములు, కరెంటు లాంటి లెక్కలన్నీ కలబోసి ఎవరు పేదో ఎవరు కాదో తేల్చేది. రిక్షా తొక్కిన మనిషి ఇంటికి కారు ఉందని కూడా కనిపెట్టింది. ఇంటివాళ్లకే తెలియని కారు! రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కార్డు పోతే పోయేది బియ్యం ఒక్కటే కాదు, దాన్ని నమ్ముకున్న ఆరోగ్యశ్రీ కూడా. అందుకే ఆ బియ్యం వండుకోని ఇళ్లలో సైతం కార్డును పట్టాకాగితంలా దాచుకుంటారు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. కార్డు లేనివాడికి అది 10 లక్షలైనా ఒకటే, 10 కోట్లైనా ఒకటే.

గమనించారా? ఇచ్చే చోట ఏ కిటికీకీ పక్క కిటికీ తెలియదు. కోసే చోట అందరూ ఒకే కుటుంబం. రవాణా శాఖ, విద్యుత్ శాఖ, రిజిస్ట్రేషన్ల శాఖ రాత్రికి రాత్రే మాట్లాడేసుకుంటాయి.

అందుకని ఓ చిన్న మనవి. డయాలసిస్ సెంటర్ నుంచి పింఛను ఆఫీసుకు కూడా ఒక వైరు లాగండి. మంచం మీద మనిషి ఉన్నట్టు అక్కడ తెలిస్తే ఇక్కడ కాగితం అడగక్కర్లేదు. ఈ మాట ఏ అధికారితోనైనా అని చూడండి. కళ్లజోడు సవరించుకుని, పక్కనున్న ఫైల్లో మీ పొలం, మీ మీటరు, మీ బావమరిది కారు తిరగేస్తూ అంటారు: "అదెలా కుదురుతుందండీ? రోగి వివరాలు రహస్యం కదా!"