కదలరాదు: ఇది జీవశాస్త్రం తరగతి

తెలుగు రాష్ట్రాల బడుల్లో జీవశాస్త్రం ఎనిమిదో తరగతిలో వేరు కాపురం పెడుతుంది. ఏడు దాకా అది భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు సామాన్యశాస్త్రం అనే ఉమ్మడి కుటుంబంలో ఉంటుంది. ఎనిమిదిలో పంపకాలు జరిగి పి.ఎస్. (ఫిజికల్ సైన్స్) సారుకు అయస్కాంతాలు, కటకాలు దక్కుతాయి. బి.ఎస్. (బయలాజికల్ సైన్స్) టీచరు వాటాకు సీసాలో నానుతున్న ఒక పాము, ఒక సూక్ష్మదర్శిని, ఆవరణలోని మందార చెట్టు వస్తాయి. చలనం జీవుల లక్షణమని పాఠం చెబుతుంది. చలించకుండా కూర్చోవాలని తరగతి నియమం చెబుతుంది. మిగతా నియమాలన్నీ ఈ రెంటి మధ్య రాజీ కుదర్చడానికి పుట్టినవే.

వీటిలో మొదటిది బయటికి వెళ్ళడానికి సంబంధించింది. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి లీటరున్నర మాత్రమే బయటికి పంపుతాయని టీచరు బోర్డు మీద రాస్తుండగా, వెనక బెంచీలో ఒక చిటికెన వేలు లేస్తుంది. "ఇంటర్వెల్లులో ఏం చేశావురా?" అన్నది దానికి నిర్ణీత సమాధానం. ఒకసారికి ఒక్కరే వెళ్ళాలి, వెళ్ళినవాడు వచ్చాకే రెండోవాడు. గుండె కవాటాలు రక్తాన్ని ఒకే దిశలో పోనిస్తాయన్న సూత్రం తరగతి గుమ్మానికీ వర్తిస్తుంది కాబట్టి మొదటివాడు గంట కొట్టేదాకా తిరిగి రాడు.

రెండోది నోటుపుస్తకం. దానికి ఖాకీ అట్ట వేయాలి, అట్ట మీద లేబుల్ అంటించాలి, లేబుల్ మీద పేరు రాయాలి, లోపల విషయసూచిక ఉండాలి. ఇన్ని ఉన్నాక లోపల విషయం ఉందో లేదో చూసే తీరిక దిద్దేవారికి ఉండదు. పాఠ్యపుస్తకం ద్విభాషా పుస్తకమైతే ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. విద్యార్థి రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి పోల్చి, ఏది పొట్టిగా ఉంటే ఆ భాషలో చదువుతాడు. కిరణజన్య సంయోగక్రియ దగ్గర ఇంగ్లీషు వైపు మొగ్గినవాడు 'ఫోటోసింథసిస్' స్పెల్లింగు చూసి మళ్ళీ మాతృభాష ఒడికి చేరతాడు. రెండు పేజీల్లోనూ పేరు మార్చుకోకుండా నిలబడే మైటోకాండ్రియాను మాత్రం అందరూ ఆప్తుడిలా చూస్తారు.

మూడోది పటం. ఈ సబ్జెక్టుకు ఆయువుపట్టు ఇదే. పటాన్ని పెన్సిలుతోనే గీయాలి. నీడలు దిద్దకూడదు. గుర్తింపు గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. భాగాల పేర్లు ఒకే వైపు వరసగా ఉండాలి. ఈ నియమాలకు లోబడి గీసిన నెఫ్రాను దారపుండలా, మెదడు కాలీఫ్లవర్‌లా, నాడీకణం పొలంలోంచి వేళ్ళతో సహా పీకిన కలుపు మొక్కలా వస్తాయి. చిన్నపేగు నిజంగా సుమారు 6 మీటర్లు. పేపరు మీద దాని పొడవు పెన్సిలు మొన ఉన్నంతవరకు. చిక్కంతా గుండెతో వస్తుంది. పటంలో కుడి కర్ణిక ఎడమ పక్కన ఉంటుంది, ఎందుకంటే ఆ గుండె ఎదురుగా నిలబడిన మనిషిది. తన గుండె మీద చెయ్యేసుకుని నిజాయితీగా గీసిన పిల్లవాడికి మార్కులు పోతాయి. గైడు చూసి గీసినవాడికి వస్తాయి.

నాలుగోది ప్రయోగశాల. సూక్ష్మదర్శిని బీరువాలో, బీరువా తాళంలో, తాళంచెవి హెడ్మాస్టరు గారి సొరుగులో ఉంటాయి. కటకం పగిలితే స్టాకు రిజిస్టరుకు జవాబు చెప్పుకోవాలి కాబట్టి, దాన్ని తీయకుండా ఉంచడమే దాని పట్ల చూపే అత్యున్నత గౌరవం. ఇన్‌స్పెక్షన్ నాడు అది బయటికి వస్తుంది. పిల్లలు వరసలో వచ్చి ఒక్కొక్కరు ఒక్కో క్షణం చూడాలి. మొదట కనిపించేది సొంత కనురెప్ప వెంట్రుక. ఆ తర్వాత కవర్‌స్లిప్ కింద ఇరుక్కున్న గాలిబుడగ. నల్లటి అంచుతో గుండ్రంగా ఉంటుంది గనుక సగం తరగతి దాన్నే ఉల్లిపొర కణంగా గీసుకుంటుంది. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి కణమని పేరు పెట్టినవి కూడా ప్రాణం పోయిన ఖాళీ గదులే.

ఆకులో పిండిపదార్థం ఉందని నిరూపించడం మరో ఘట్టం. ఆకును స్పిరిట్‌లో ఉడికించి పత్రహరితం పోగొట్టి, అయోడిన్ చుక్కలు వేస్తే అది నీలినలుపు రంగుకు తిరగాలి. సీసాలోని అయోడిన్ ఏ కాలం నాటిదో, బడి ఆకు గోధుమ రంగుకు తిరిగి ఊరుకుంటుంది. అయినా రికార్డులో 'నీలినలుపు రంగు ఏర్పడినది' అనే రాయాలి. ఆకు చేసిన తప్పుకు రికార్డు ఎందుకు శిక్ష అనుభవించాలి?

పదో తరగతిలో మేక గుండెను పరిశీలించే కృత్యం వస్తుంది. సరుకు తెచ్చే బాధ్యత మటన్ కొట్టు పక్కన ఇల్లున్న విద్యార్థిది. కొట్టతను పొట్లం కట్టేముందు అలవాటు కొద్దీ కూరకు కొట్టినట్టు కొట్టేస్తాడు. నాలుగు గదుల గుండె పద్నాలుగు గదులై తరగతికి చేరుతుంది. మాంసం ముట్టని ఇళ్ళ పిల్లలకు థర్మోకోల్ గుండె చేసుకునే వెసులుబాటు ఉంది. కప్ప వంతు మాత్రం ఎప్పుడో తీరిపోయింది. ఒకప్పుడు కాలేజీ జంతుశాస్త్రం పిల్లల ముందు మైనపు పళ్ళెంలో వెల్లకిలా పడుకున్న ఆ జీవికి 2014లో యూజీసీ విముక్తి కలిగించింది. అది ఇప్పుడు వానాకాలంలో ప్రయోగశాల గుమ్మం దాకా ధైర్యంగా వచ్చి వెళుతోంది.

ప్రత్యుత్పత్తి పాఠానికి రాతలో లేని ప్రత్యేక నిబంధనలున్నాయి. జూన్‌లో పుస్తకం చేతికందిన రోజే ఆ పాఠం ఏ పేజీలో ఉందో తరగతి అంతటికీ తెలుసు. తెలియనట్టు నటించేది టీచరు ఒక్కరే. అమీబా రెండుగా చీలడం ఒక పీరియడు, బ్రెడ్డు మీద బూజు ఒక పీరియడు, మందారపువ్వు రెండు పీరియడ్లు తీసుకుంటాయి. కేసరాల సంఖ్య, అండాశయం అడ్డుకోత, పరాగసంపర్కం చేసే తుమ్మెద జీవితచరిత్ర అన్నీ వివరంగా అయ్యాక మానవుడి వంతు వస్తుంది. "ఇది సులువే, ఇంటి దగ్గర చదువుకోండి" అని టీచరు పేజీలు తిప్పేస్తారు. ఇంటి దగ్గర చదువుకుంటుంటే "ఏమిటా పుస్తకం?" అని నాన్న అడుగుతాడు. ఏడాది మొత్తంలో పిల్లలందరూ శ్రద్ధగా, ఎవరూ చెప్పకుండా, చివరిదాకా చదివే పాఠం ఇదొక్కటే.

చివరిది పరీక్ష. తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో విషయావగాహన మొదలుకొని ఏడు విద్యాప్రమాణాలు ఏర్పరిచారు. వాటిలో ఒకటి అభినందించడం. అందువల్ల 'గుండె పనితీరును నీవెలా అభినందిస్తావు?' వంటి ప్రశ్నలు వస్తాయి. నిమిషానికి 72 సార్లు, అంటే రోజుకు లక్ష పైచిలుకు సార్లు, ఆదివారం కూడా సెలవు పెట్టకుండా కొట్టుకుంటున్నందుకు గుండెను విద్యార్థి మనసారా అభినందించి రెండు మార్కులు పొందుతాడు. పక్క ప్రశ్నలో అదే వాక్యంలో గుండె తీసి కాలేయం పెడతాడు. ఆ కాలేయానికి కూడా ఆదివారం సెలవుండదు కనుక జవాబు తప్పు కాదు.

మార్కులు తగ్గినవాళ్ళకు ధైర్యం చెప్పడానికి సిలబస్‌లోనే ఇద్దరున్నారు. అనువంశికత పాఠానికి మూలపురుషుడు మెండెల్ 1850లో హైస్కూలు టీచరు అర్హత పరీక్ష తప్పాడు, 1856లో రెండోసారి వెళ్ళీ గట్టెక్కలేదు. పదేళ్ళ తర్వాత బఠాణీ మొక్కల మీద ఆయన రాసిన వ్యాసం అచ్చయింది. ఇప్పుడది ఇతరులు తప్పడానికి పాఠమైంది. శ్వాసక్రియ పాఠంలో కణానికి శక్తి కరెన్సీగా కనిపించే ఏటీపీని వెలికితీసినవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మెట్రిక్యులేషన్ దాటింది మూడో ప్రయత్నంలో. ఈ రెండు ఉదాహరణలను విద్యార్థులు ఇంట్లో వాడతారు. టీచర్లు తరగతిలో చెప్పరు.

పరీక్షలయ్యాక నోటుపుస్తకాలు కిలోల లెక్కన అమ్ముడై, సందు చివర బజ్జీల బండికి చేరతాయి. వేడి మిరపకాయ బజ్జీ పడగానే గుండె పటం మీద నూనె పాకి, కుడి కర్ణిక అవతలి పేజీలోని జీర్ణవ్యవస్థ కనిపించేంత పలుచనవుతుంది. పదార్థాన్ని కాగితం మీద రుద్దినప్పుడు వెలుగును పోనిచ్చే మచ్చ ఏర్పడితే అందులో కొవ్వు ఉన్నట్టని చిన్న తరగతుల్లోనే చెప్పారు. అయోడిన్ అక్కర్లేదు, తాళంచెవి అక్కర్లేదు, ఇన్‌స్పెక్షన్ అక్కర్లేదు. ఈ ప్రయోగం ప్రతిసారీ పుస్తకంలో ఉన్నట్టే వస్తుంది.